షీట్ దాగింది, సమాచారం దాగలేదు

ప్రశ్న: నమస్కారం అండీ. నేను ఒక చిన్న సంస్థలో ఆఫీసు పనులు చూస్తుంటాను. నలభై మందికి పైగా ఉద్యోగులం. పది రోజుల క్రితం వచ్చే నెల షిఫ్టుల పట్టికను ఎక్సెల్ ఫైల్‌గా మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అదే ఫైల్లో రెండో షీట్‌లో ఎవరు ఎన్ని సెలవులు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న వివరాలున్నాయి. ఆ షీట్‌ను హైడ్ చేశాను కాబట్టి ఎవరికీ కనబడదనుకున్నాను. గంట తర్వాత ఒక కొలీగ్ పక్కకు పిలిచి, "రెండో షీట్ కూడా వచ్చింది, చూసుకున్నారా?" అన్నారు. వెంటనే గ్రూపులో అందరికీ డిలీట్ చేశాను. ఇప్పటిదాకా పైవాళ్ళకు చెప్పలేదు. ఆ షీట్‌లో పేర్లు లేవు, ఉద్యోగి నంబర్లే ఉన్నాయి, కాబట్టి పర్వాలేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కానీ ఒకాయన మానసిక వైద్యం కోసం సెలవు పెట్టిన సంగతి అందులో ఉంది. ఆయన ఎదురైతే తలెత్తలేకపోతున్నాను. చెప్తే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. అసలు సెన్సిటివ్ సమాచారం అంటే ఏది? ఇది మళ్ళీ జరక్కుండా ఏం చేయాలి?

— పేరు వేయవద్దు

జవాబు: మీరు చివర్లో అడిగినవాటికి తర్వాత వస్తాను. అడగకుండా వదిలేసిన ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పైవాళ్ళకు చెప్పాలా? చెప్పాలి. ఈరోజే చెప్పాలి.

మీరు "పేర్లు లేవు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రెండో షీట్‌లో లేవు, సరే. మొదటి షీట్ సంగతి? అది షిఫ్టుల పట్టిక. అందులో పేర్లు లేకపోతే ఎవరు ఏ రోజు రావాలో ఎలా తెలుస్తుంది? ఆ పేర్ల పక్కన ఉద్యోగి నంబరు కూడా ఉండే ఉంటుంది. అంటే రెండో షీట్‌కు మీరు వేసిన తాళం చెవి మొదటి షీట్‌లోనే వేలాడుతోంది. ఫలానా నంబరు ఎవరిదని కనుక్కోవడానికి తెలివితేటలు అక్కర్లేదు, వేలు పెట్టి అడ్డంగా చూసుకుంటే చాలు.

పోనీ మొదటి షీట్ వెళ్ళలేదనే అనుకుందాం. నంబర్లు కూడా తీసేసి, హోదా, పుట్టిన తేదీ, సెలవు కారణం అనే మూడు కాలమ్‌లే పంపారనుకుందాం. నలభై మంది ఉన్న చోట రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్లు ఎంతమంది ఉంటారు? ఒక్కరు. ఆ ఒక్కరికీ పేరు రాయకపోయినా రాసినట్టే.

1997లో అమెరికాలో లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని సరిగ్గా ఇదే చేసి చూపించారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు, చిరునామాలు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. పేర్లు లేవు కాబట్టి భయం లేదని అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ ప్రజలకు భరోసా ఇచ్చారు. స్వీనీ 20 డాలర్లు పెట్టి ఆయన నివాసముండే కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొన్నారు. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టారు. గవర్నర్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్ళు ఆ జాబితాలో ఆరుగురు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఆయన పిన్‌కోడ్‌లో ఉండేది ఆయన ఒక్కరే. ఆసుపత్రి రికార్డు దొరికిపోయింది. పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్నది, పిన్‌కోడ్, ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో దాదాపు 87 శాతం మందిని విడిగా పోల్చుకోవచ్చని ఆవిడే తర్వాత 2000లో లెక్కగట్టారు. విడివిడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ రహస్యం కాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినవాళ్ళందరికీ మన పుట్టిన తేదీ తెలుసు కదా!

మీరడిగిన "సెన్సిటివ్ అంటే ఏది" అన్నదానికి నా జవాబు ఇక్కడే ఉంది. చాలామంది దీన్ని ఒక జాబితాలా అనుకుంటారు. ఫలానా ఫలానావి సెన్సిటివ్, మిగతావి కావు అని. చట్టాల్లో అలాంటి జాబితాలు ఉన్న మాట నిజమే. 2018 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా రక్షణ చట్టం ఆరోగ్యం, మతం, జాతి, రాజకీయ అభిప్రాయాలు, కార్మిక సంఘ సభ్యత్వం, లైంగిక జీవితం, జన్యు సమాచారం, మనిషిని గుర్తుపట్టేందుకు వాడే వేలిముద్రల వంటివాటిని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ జాబితాలో బ్యాంకు ఖాతా లేదు, జీతం లేదు, ఇంటి చిరునామా లేదు. అలాగని వాటిని గ్రూపులో పెట్టేయొచ్చా? జాబితా పట్టుకుని కూర్చుంటే ఇలాంటి చోట్లే బోల్తా పడతాం. ఒక ముక్క సెన్సిటివా కాదా అన్నది దాని పక్కన ఇంకేముంది, అది ఎవరి చేతికి వెళ్తోంది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

పేరు, ఉద్యోగం, పనిచేసే చోటు. ఇవి మామూలు వివరాలే కదా అనిపిస్తుంది. నార్తర్న్ ఐర్లండ్ పోలీసు శాఖలో చాలామంది తాము పోలీసులమన్న సంగతి ఇరుగుపొరుగుకు, కొందరైతే బంధువులకు కూడా తెలియనివ్వరు. సాయుధ ముఠాల నుంచి అక్కడ పోలీసులకు ప్రాణభయం ఉంది. 2023 ఆగస్టులో ఆ శాఖ, ఏ హోదాలో ఎంతమంది ఉన్నారో చెప్పమన్న సమాచార దరఖాస్తుకు జవాబుగా ఒక ఎక్సెల్ ఫైల్ ఇచ్చింది. అడిగింది అంకెలే. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ అసలు పట్టిక కూడా అదే ఫైల్లో హైడ్ అయి ఉండిపోయింది. దాదాపు 9,500 మంది ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, హోదాలు, ఏ విభాగంలో ఎక్కడ పనిచేస్తున్నారన్న వివరాలతో సహా ఇంటర్నెట్‌కెక్కాయి. కొన్ని గంటల్లో తీసేశారు గానీ ఆలోగా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళనే వెళ్ళింది. కొందరు ఇళ్ళు మారాల్సి వచ్చింది. మీకు జరిగిందీ వాళ్ళకు జరిగిందీ ఒకటే పొరపాటు. అక్కడ ఆ ఫైల్ పైకి వెళ్ళేముందు చాలామంది చేతులు దాటింది, ఎవరి కంటా పడలేదు. మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పడం లేదు. హైడ్ అన్న బటన్ ఎంతమందిని మోసం చేసిందో తెలియాలని చెప్తున్నాను.

హైడ్ చేయడం అంటే వస్తువు మీద గుడ్డ కప్పడమే. కింద షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ అంటే గుడ్డ లేచిపోతుంది. ఫిల్టర్ పెట్టడం కూడా అంతే, కాలమ్ వెడల్పు తగ్గించి కనబడకుండా చేయడమూ అంతే. ఇక పెద్ద పట్టికను కుదించి మొత్తాలు చూపించే పివట్ టేబుల్ ఉంది చూశారూ, అది ఇంకా గడుసుది. మూల పట్టిక ఉన్న షీట్‌ను మీరు నిజంగానే డిలీట్ చేసినా, దాని కాపీ ఒకటి మామూలుగా పివట్ టేబుల్ తన కడుపులో దాచుకుంటుంది. మొత్తం అంకె మీద రెండుసార్లు నొక్కితే వరసలన్నీ బయటికొస్తాయి.

ఇదంతా నాకు పుస్తకాలు చదివి తెలిసింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఒక ఘనకార్యం చేశాను. విభాగాలవారీగా ఖర్చు చూపించే గ్రాఫు ఒకటి ఎక్సెల్‌లో వేసి, కాపీ కొట్టి, ప్రెజెంటేషన్‌లో అతికించి, వేరే విభాగంలో పాతిక మందికి పంపాను. మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేసి చాలా మర్యాదగా, "మీ గ్రాఫు మీద డబుల్ క్లిక్ చేస్తే అందరి జీతాలూ వస్తున్నాయండీ" అన్నారు. బొమ్మ అనుకుని నేను అతికించింది మొత్తం వర్క్‌బుక్‌ని! కాళ్ళ కింద నేల కదిలిపోయింది. అరగంట సేపు బాత్రూమ్‌లో నిలబడి, ఇది ఎవరికీ తెలియకుండా ఎలా సర్దాలా అని ఆలోచించాను. దారి దొరక్క వెళ్ళి మా అధికారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఎంతమందికి వెళ్ళింది, ఎన్నింటికి వెళ్ళింది?" అని మాత్రం అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే అప్పటికి ఇంకా ఆ పూటే. వారం తర్వాత అడిగి ఉంటే పాతిక అనే చెప్పేదాన్ని, కానీ ఆ పాతిక మంది ఎంతమందికి పంపారో ఎవరు చెప్పగలరు? ఆయన తర్వాత నన్ను తిట్టారు లెండి, అది వేరే సంగతి.

మీరు పది రోజులు ఆగారు. బాధపెట్టడానికి అనడం లేదు, భయం ఎవరినైనా అలాగే ఆపుతుంది. కానీ ఈ విషయంలో ఆలస్యం మీ తప్పును చిన్నది చేయదు, పెద్దది చేస్తుంది. ఐరోపా చట్టం ప్రకారం ఇలాంటి లీకేజీ సంస్థకు తెలిశాక, దానివల్ల మనుషులకు ప్రమాదం ఉండొచ్చనిపిస్తే 72 గంటల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి. మీ దగ్గర గడువు ఎంతైనా కానీయండి, ఆ లెక్క చూసుకోవాల్సింది మీ సంస్థ. వాళ్ళకు ఆ అవకాశమే లేకుండా చేశారన్న మాట మీమీద పడకూడదు. చెయ్యి జారడం పొరపాటు. దాచడాన్ని మాత్రం ఎవరూ పొరపాటు అనరు. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆ కొలీగ్‌కు ఇప్పటికే తెలుసు, చూసినవాళ్ళు ఇంకెందరో తెలియదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఏదో ఒకరోజు మీ అధికారికి ఇది ఎలాగూ తెలుస్తుంది, అది ఎవరి నోట తెలుస్తుందన్నదే ఇక మీ చేతిలో ఉన్న సంగతి.

ఎలా చెప్పాలి? కథలా చెప్పకండి. "సర్, ఫలానా తేదీన, ఫలానా టైముకి, షిఫ్టుల ఫైల్ గ్రూపులో పెట్టాను. అందులో సెలవుల షీట్ హైడ్ అయి ఉంది. సెలవు కారణాలు, ఉద్యోగి నంబర్లు అందులో ఉన్నాయి. దాదాపు గంట సేపు గ్రూపులో ఉంది. తర్వాత డిలీట్ చేశాను. కనీసం ఒకరు చూశారు. వెంటనే మీకు చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు." అంతే. నోటితో చెప్పి, ఆ తర్వాత ఇదే ఈమెయిల్‌లో రాయండి. రాసేటప్పుడు మానసిక వైద్యం కోసం సెలవు పెట్టినాయన జబ్బు సంగతి మళ్ళీ అందులో రాయకండి. లీకైన సమాచారం గురించి ఫిర్యాదులోనే దాన్ని ఇంకోసారి లీక్ చేసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఆ ఫైల్‌ను జత చేయడం కూడా వద్దు.

గ్రూపులో మీరు చేసిన డిలీట్ మంచిదే, కానీ దాన్ని ఎక్కువ నమ్మకండి. ఆలోగా ఎవరైనా సేవ్ చేసుకునో, మరొకరికి ఫార్వర్డ్ చేసో ఉంటే ఆ కాపీ మీ మాట వినదు. అలాగని ఇప్పుడు గ్రూపులోకి వెళ్ళి "దయచేసి ఎవరూ రెండో షీట్ చూడకండి" అని మాత్రం పెట్టకండి. ఆ షీట్ సంగతే తెలియని ముప్ఫై మంది అప్పుడు కచ్చితంగా తెరుస్తారు. నేనైనా తెరుస్తాను. ఫోన్లలోంచి ఫైల్ తీసేయమని చెప్పాల్సి వస్తే అది ఆఫీసు తరఫున, ఒక్కొక్కరికీ విడిగా వెళ్ళాలి. మిమ్మల్ని పిలిచి చెప్పిన ఆ కొలీగ్‌కు మాత్రం మీరే ఒక మాట చెప్పండి, తీసేయమని, ఎవరితోనూ అనవద్దని. పిలిచి చెప్పారంటే మంచి మనిషే.

ఇక వైద్యం కోసం సెలవు పెట్టినాయన సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం ఆయన గురించిందే. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, కార్డు నంబరు పోతే కొత్త కార్డు తెచ్చుకుంటాం. జబ్బు సంగతి బయటపడితే ఏం మార్చుకుంటాం? 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగల పాలయ్యాయి. వాళ్ళకు ఎవరూ కొత్త వేళ్ళు ఇవ్వలేరు కదా. ఇలా మార్చుకోలేనివాటి దగ్గరే మనం రెట్టింపు జాగ్రత్త పడాలి. ఆయనకు ఈ విషయం చెప్పాలి. కానీ మీ అధికారితో మాట్లాడాక, వాళ్ళతో కలిసి చెప్పండి. క్యాంటీన్‌లో ఎవరో వెకిలిగా అన్న మాట ద్వారా ఆయనకు తెలియడం కంటే ఘోరం ఇంకోటి ఉండదు. చెప్పేటప్పుడు "పెద్దగా ఎవరూ చూసి ఉండరు" అనకండి, అది మీకు తెలియదు. ఆయన కోప్పడితే పడనివ్వండి. క్షమించమని అడగండి గానీ, క్షమించానని ఆయన చేత అనిపించుకోవాలని చూడకండి.

మళ్ళీ జరక్కుండా ఏం చేయాలంటారా? సెలవు కారణాలు షిఫ్టుల ఫైల్లో అసలెందుకున్నాయి? షిఫ్టు వేయడానికి ఎవరు ఏ రోజు రారో తెలిస్తే సరిపోతుంది. ఎందుకు రారో దానికి అక్కర్లేదు. లేని సమాచారం లీకవ్వదు. కారణం తప్పనిసరిగా నమోదు చేయాల్సి ఉంటే వేరే ఫైల్‌లో, వేరే ఫోల్డర్‌లో, చూడాల్సిన ఇద్దరు ముగ్గురికే తెరుచుకునేలా ఉంచండి. "వైద్య కారణం" అన్న రెండు మాటలు చాలు, ఏ వైద్యమో ఎందుకు? మీ పాత ఫైళ్ళన్నీ ఓసారి ఈ కంటితో చూడండి, సగం కాలమ్‌లు ఎవరో ఎప్పుడో "ఉంటే మంచిదిలే" అని పెట్టినవే అని తేలుతుంది.

బయటికి పంపేది ఎప్పుడూ పని ఫైల్ కాకూడదు. కొత్త ఖాళీ ఫైల్ తెరిచి, కావలసిన భాగాన్ని కాపీ చేసి, అందులో విలువలు మాత్రమే పేస్ట్ చేయండి. చదువుకోవడానికే అయితే పీడీఎఫ్ చేసి పంపండి. పంపేముందు ఆ పీడీఎఫ్‌ను ఒకసారి తెరిచి చివరి పేజీ దాకా చూడండి. ఎక్సెల్‌లోనే పంపాల్సి వస్తే ఫైల్ మెనూలో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అని ఒకటుంది, దాగిన షీట్లు, వరసలు, కామెంట్లు ఉన్నాయేమో వెతికి చెప్తుంది. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసి దాచాననుకునేవాళ్ళకూ ఒక మాట. ఆ నలుపు కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొట్టి వేరేచోట పేస్ట్ చేస్తే చదువుకోవచ్చు. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ అనే రాజకీయ సలహాదారు లాయర్లు కోర్టుకిచ్చిన పత్రంలో ఇలాగే నలుపు పూశారు. విలేకరులు కాపీ పేస్ట్ చేసి చదివేశారు. పెద్ద పెద్ద లాయర్లే!

ఈమెయిల్ దగ్గర జాగ్రత్త వేరు. పేరు మొదటి మూడక్షరాలు కొట్టగానే అది మిగతాది తనే పూరిస్తుంది, ఒక్కోసారి తప్పు మనిషితో. జీమెయిల్‌లో అయితే పంపాక వెనక్కి తీసుకునే గడువును 30 సెకన్లకు పెంచుకోవచ్చు. నన్ను రెండుసార్లు కాపాడింది. ఎక్కువమందికి పంపేటప్పుడు చిరునామాలు బీసీసీలో పెట్టండి, అక్కడ పెడితే ఒకరి చిరునామా మరొకరికి కనబడదు. 2015లో లండన్‌లో ఒక క్లినిక్ తన వార్తాలేఖను 781 మందికి మెయిల్‌లో పంపుతూ చిరునామాలన్నీ అందరికీ కనిపించేలా పెట్టింది. అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళు. ఉత్తరంలో ఎవరి జబ్బు గురించీ ఒక్క ముక్క లేదు. ఆ జాబితాలో ఉండటమే సమాచారం.

ఎవరైనా హడావిడిగా అడిగితే ఇవ్వడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి సీట్లో ఉన్నవాళ్ళకు ఆ ఫోన్లు, మెయిళ్ళు వచ్చి తీరతాయి. 2016లో స్నాప్‌చాట్‌లో జీతాల విభాగానికి సీఈవో పేరుతో ఒక మెయిల్ వచ్చింది, ఉద్యోగుల జీతాల వివరాలు పంపమని. పంపేశారు. అడిగింది సీఈవో కాదు. పై అధికారి పేరు, "అర్జెంట్" అన్న మాట, రెండూ ఒకే మెయిల్‌లో కనిపిస్తే మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. అసలు అధికారి అయితే రెండు నిమిషాలు చిరాకు పడతారు, అంతే. పాస్‌వర్డ్‌ల గురించి మీకు ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు: పొడుగ్గా పెట్టుకోండి, ఒకటి ఒకచోటే వాడండి, రెండో దశ ధ్రువీకరణ ఆన్ చేయండి. ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి, అదే మెయిల్‌లో కింద పాస్‌వర్డ్ రాయకండి. నవ్వకండి, నాకు వారానికొకటి వస్తుంది అలాంటిది.

చివరగా ఒక చిన్న పని. ఆ ఫైల్ మీ ఫోన్‌లోనూ, ఆఫీసు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనూ ఇంకా ఉండి ఉంటుంది. ఇది చదవగానే తీసేయాలనిపిస్తుంది. ఆగండి. ఏం బయటికి వెళ్ళిందో మీ అధికారికి చూపించడానికి మిగిలింది అదొక్కటే. ఎవరికీ పంపకుండా అలాగే ఉంచి, వాళ్ళు చూసి సరే అన్నాక, వాళ్ళ ఎదురుగానే తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.